దేవుడికి ఐదో వాటా

మహాశివరాత్రి నాటికి సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో చలి ఉండీ లేనట్టుంటుంది. శివశివా అంటూ చలి వెళ్లిపోయేది ఆ రోజేనని పెద్దలంటారు. స్వయంభువు శంభులింగేశ్వరస్వామి గుడి చుట్టూ జాతర. లింగం నెత్తిన ఉన్న చిన్న గుంటలోంచి ఎంత తీసినా నీళ్లు మళ్లీ ఊరుతాయని, ఏళ్లు గడిచేకొద్దీ స్వామి పెరుగుతుంటాడని భక్తుల నమ్మకం. ఒకపక్క ప్రభలు, ఇంకోపక్క ఎద్దుల బండలాగుడు పోటీలు, గుడి ఆవరణలో చాపలు పరుచుకుని తెల్లవార్లూ జాగరణ చేసే ఆడవాళ్లు. కావాలని ఒక రాత్రిని కష్టం చేసుకుని గడపడం ఈ ఊరికి కొత్తేమీ కాదు.

కొత్తగా వచ్చింది వేరే జాగరణ. కోదాడలోనో మిర్యాలగూడలోనో ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో కొలువు చేసే కుర్రకారు ఇప్పుడు డిసెంబరు, జనవరి సెలవులు దాచుకుని మంచు కొండలకు పోతున్నారు. మొదటి ఏడు కేదార్‌కాంఠా ట్రెక్కు, ఆ తర్వాత ఔలీలోనో గుల్‌మార్గ్‌లోనో స్కీ పాఠాలు. కొంచెం ధైర్యం వచ్చాక అసలు కోరిక బయటపడుతుంది. లిఫ్టులు, తాళ్లు, కాఫీ కొట్లు ఉన్న వాలు వదిలేసి, కాళ్లకు స్కీలు కట్టుకుని, టెంటు వీపున వేసుకుని, మనిషి అలికిడి లేని మంచులో ఒక రాత్రి పడుకోవాలని. విషయం ఇంట్లో చెప్పగానే నాయనమ్మ నోట వరసగా రెండు మాటలు వస్తాయి. “ఆ చలిలో ఏముంది బిడ్డా?” అన్నది మొదటిది. పట్టు వదలడని తెలిశాక, “సరే, దేవుడి మీద భారమేసి పో” అన్నది రెండోది.

ఆ రెండో మాటలోనే చిక్కంతా ఉంది. దేవుడి మీద భారం వేయడమంటే ఎంత భారం? మొత్తమా, కొంతా? గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ చూపమంటే కుదరదని చెప్పిన నోటితోనే తెలుగువాళ్లు రాత తప్పదని, నూకలు చెల్లితే ఎవరూ ఆపలేరని అంటారు. రెండూ ఒకే అరుగు మీద వినపడే మాటలు. మొదటిదాన్ని నమ్మితే సంచిలో ఏమేం పెట్టాలో నెల ముందే రాసుకోవాలి. రెండోదాన్ని నమ్మితే ఆ రాత దండగ. ఇంకొంచెం ముందుకు పోయి, అంత పకడ్బందీగా సిద్ధపడేవాడికి దేవుడి మీద నమ్మకం తక్కువేమో అని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఈ లెక్క తేల్చడానికి గీత పద్దెనిమిదో అధ్యాయం మంచి ఆధారం. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కూడాలని కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేర్వేరు చేష్టలు, ఐదోది దైవం. దైవాన్ని ఆయన కాదనలేదు, అలాగని మొత్తం దాని ఖాతాలోనూ రాయలేదు. వరసలో దానికిచ్చిన చోటు ఐదోది. పని చేసేవాడిని నేనొక్కణ్నే అనుకునేవాడు బుద్ధి తెలియనివాడని ఆ వెంటనే అంటాడు కూడా. అంటే గర్వానికీ, బద్ధకానికీ ఒకే జవాబు. ఒక కొత్తవాడు మంచులో గడపబోయే ఒక్క రాత్రిని ఈ ఐదింటి మీద పెట్టి చూస్తే, భారం ఎవరిది ఎంతో కొంతైనా తేలుతుంది.

మొదటిది అధిష్ఠానం. శంకరులు దాన్ని శరీరమని వ్యాఖ్యానించారు. ఆ శరీరం నిలబడే చోటును కూడా అందులో కలుపుకుంటే మంచు కొండల్లో ఆ మాటకు బరువు పెరుగుతుంది. మంచు చరియలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. అంతకన్నా చదునైతే మంచు చాలావరకు కదలదు, మరీ నిటారైతే నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. చిక్కేమిటంటే స్కీ మీద జారడానికి సరదాగా ఉండేదీ ఆ వాలే. కాబట్టి మొదటి రాత్రికి చోటు వెతికే కొత్తవాడు అందం చూడకూడదు. తాను నడిచే దారి వాలుతోపాటు తన నెత్తిన ఉన్న వాలునూ లెక్కపెట్టాలి. చదునైన మైదానంలో గుడారం వేసినా, పైనున్న కొండ తెగితే అది వచ్చి ఆగేది ఆ మైదానంలోనే.

చోటు తెలియకపోవడమంటే ఏమిటో తెలుగువాళ్లకు చేదుగా తెలిసింది 2022 డిసెంబరు 26న. అమెరికాలోని అరిజోనాలో వుడ్స్ కాన్యన్ సరస్సు గడ్డకట్టి ఉంది. క్రిస్మస్ సెలవుల్లో అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లలో ముగ్గురు మంచు పలక పగిలి నీళ్లలో పడి చనిపోయారు. మనిషి నడవాలంటే గట్టి మంచు పలక కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలన్నది చలిదేశాల్లో పుట్టినవాడికి చిన్నప్పుడే తెలిసే సంగతి. మంచెన్నడూ చూడని నేలలో పెరిగినవాడికి అది ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. ఇందులో చనిపోయినవాళ్ల తప్పు వెతకడం అన్యాయం. అయితే దాన్ని విధి అని వదిలేస్తే, వచ్చే డిసెంబరులో అదే ఒడ్డున నిలబడే ఇంకో కుటుంబానికి ఆ నాలుగు అంగుళాల మాట చేరదు.

రెండోది కర్త, అంటే చేసేవాడు. వేదాంతంలో ఏ గ్రంథం మొదలుపెట్టినా ముందు అడిగేది అధికారి ఎవరని. దీన్ని చదవడానికి ఎవరికి అర్హత ఉంది, వాడి దగ్గర ఇప్పటికే ఏమేం ఉండాలి అని. ఈ అధికారి భేదం మేళ్లచెరువు జాతరలో బండలాగుడు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఎద్దుల్ని పళ్లు చూసి విభాగాలు చేస్తారు. రెండు పళ్లవి ఒకచోట, నాలుగు పళ్లవి ఒకచోట, ఆరు పళ్లవి ఒకచోట, సీనియర్లు వేరే. ఎంత ఊపున్న గిత్త అయినా రెండు పళ్ల జతను తీసుకెళ్లి సీనియర్ల బండకు ఏ రైతూ కట్టడు. కడితే గెలుపు మాట అటుంచి, ఎద్దు కాళ్లు పోతాయని వాడికి తెలుసు.

మనుషుల విషయానికొచ్చేసరికి ఈ ఇంగితం జారిపోతుంది. సెలవులు నాలుగే రోజులు, టికెట్లు కొనేశాం, యూట్యూబ్‌లో చూశాం కదా అంటారు. స్కీ అసలు నేర్చుకోవాల్సింది లిఫ్టులున్న వాలు మీద, పడితే లేపేవాళ్ల ముందు. ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారం రోజుల, రెండు వారాల పాఠాలు నడుపుతుంది. మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, గుల్‌మార్గ్‌లోని స్కీ సంస్థ కూడా నేర్పుతాయి. ఆ తర్వాత స్కీలు లేకుండా మంచులో ఒక రాత్రి గుడారంలో పడుకుని చూడాలి, రోడ్డుకు దగ్గరగా, తెల్లవారకముందే లేచి వెనక్కి రాగలిగినంత దూరంలో. రెండూ విడివిడిగా వచ్చాకే కలపాలి.

మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది 2014 మే 25న, ఇంకా పద్నాలుగేళ్లు నిండకుండానే. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఆ వార్తను చాలామంది అద్భుతంగా చదివారు. కానీ ఆ అద్భుతం వెనుక భువనగిరి గుట్ట మీద రాతి ఎక్కుడు పాఠాలున్నాయి, డార్జిలింగ్‌లో శిక్షణ ఉంది, లడఖ్ చలిలో సాధన ఉంది. ఒక్కో మెట్టులో నిలిచినవాళ్లకే తర్వాతి మెట్టు. హైదరాబాద్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న బోడి గుట్ట దగ్గర మొదలైందా దారి. పిల్లల్ని దేవుడి మీద భారం వేసి పంపారనడం ఎంత నిజమో, వేయడానికి మిగిలిన భారాన్ని అప్పటికే చాలా తగ్గించి పంపారనడమూ అంతే నిజం.

మూడోది కరణాలు, పనిముట్లు. ఎక్కేటప్పుడు స్కీల అడుగున అతికించే పట్టీలు ఉంటాయి. ముందుకు జారనిచ్చి వెనక్కి జారనివ్వని నూగు వాటికి ఉంటుంది. ఒకప్పుడు సీల్ చర్మంతో చేసేవారు, ఇప్పుడు మోహైర్, నైలాన్. ఎక్కుతున్నంతసేపూ మడమ వదులుగా ఉంటుంది. దిగేటప్పుడు పట్టీలు ఊడదీసి మడమను బిగిస్తారు. ఒంటి మీద నూలు బట్టలు పనికిరావు. చెమటకు తడిసిన కాటన్ బనియను ఆరదు, ఆరని బట్ట మనిషిలోని వేడిని తోడేస్తూనే ఉంటుంది. జీన్స్ ప్యాంటు సంగతి చెప్పనక్కర్లేదు.

రాత్రి సంగతి ఇంకా సూక్ష్మం. స్లీపింగ్ బ్యాగ్ ఎంత ఖరీదైనదైనా ఒంటి కింద నలిగిన పొరకు వెచ్చదనం ఉండదు, అందుకే కింద ఒకటికి రెండు మ్యాట్లు. బూట్ల లోపలి పొర విప్పి పడకలో పెట్టుకోకపోతే పొద్దున్నే అది రాయిలా బిగుసుకుని కాలు దూరదు. ఫోను, టార్చిలైటు బ్యాటరీలు కూడా పడకలోనే. నీళ్ల సీసాను తలకిందులుగా నిలబెడతారు. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు నీళ్లుగానే మిగులుతాయి. తాగే నీళ్లు కావాలంటే మంచు కరిగించాలి. అక్కడా కొత్తవాడికి ఒక పరీక్ష ఉంది. వట్టి మంచును గిన్నెలో కూరి స్టవ్ మీద పెడితే అడుగంటి మాడు వాసన వేస్తుంది. ముందు గుక్కెడు నీళ్లు పోసి, అవి వేడెక్కాక పిడికెడు పిడికెడుగా మంచు వేస్తూ పోవాలి. ఇద్దరికి సరిపడా నీళ్లు కరిగేసరికి గంట దాటుతుంది, గ్యాసు అనుకున్నదానికన్నా ఎక్కువ పడుతుంది. చలికి భయపడి గుడారం జిప్పు పూర్తిగా వేసేసి లోపల స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చప్పుడు లేకుండా ప్రాణం తీస్తుంది.

ఒక పరికరం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అమెరికాలో స్కీ నేర్చుకున్న తెలుగువాళ్లకు ఉపగ్రహ మెసెంజర్ జేబులో లేకుండా కొండెక్కే అలవాటు ఉండదు. భారతదేశంలో ముందస్తు అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, అలాంటి పరికరాలు దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. వాటితో విమానాశ్రయాల్లో దొరికి కేసుల్లో ఇరుక్కున్న విదేశీ ట్రెక్కర్లున్నారు. కాబట్టి మన కొండల్లో ఆపద వస్తే కబురు చేసే దారి ముందే వేరుగా ఆలోచించుకోవాలి.

నాలుగోది చేష్టలు. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఎన్ని గంటలకు వెనుదిరగాలి, ఎవరికి చెప్పి పోవాలి. వినడానికి ఇది ఆఫీసు పనిలా ఉంటుంది. కానీ పూజ మొదట్లో పురోహితుడు చెప్పించే సంకల్పాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. అందులో భక్తి మాటలకన్నా ముందు చిరునామా ఉంటుంది. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ రెండు నదుల మధ్య ఉన్నాం, ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ రుతువు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం, చేసేవాడి గోత్రం, పేరు, వెంట ఎవరున్నారు, ఎందుకు చేస్తున్నాం. మేళ్లచెరువులో అయితే శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల మధ్య అని చెప్పుకోవాలి. దేవుడికి మన చిరునామా తెలియక కాదు కదా ఇదంతా. ఏ చోట, ఏ కాలంలో నిలబడ్డాడో మనిషి తనకు తాను గట్టిగా చెప్పుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదన్న క్రమశిక్షణ అది.

మంచు కొండలకు పోయేవాడు ఇంట్లో వదిలివెళ్లాల్సిన కాగితం కూడా అచ్చంగా ఇవే అడుగుతుంది. ఎక్కడ, ఏ దారిన, ఎవరెవరు, ఏ రోజు బయల్దేరి ఏ రోజు ఎన్ని గంటలకల్లా దిగుతారు, ఆ గడువు దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదార్‌నాథ్ మీద వరద విరుచుకుపడినప్పుడు అందరినీ వేధించిన ప్రశ్న, పైన ఎవరెవరున్నారన్నదే. తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవాళ్ల ఇళ్లలో రోజుల తరబడి ఆ ఒక్క ప్రశ్నతోనే టీవీల ముందు కూర్చున్నారు. మరుసటి ఏడాది నుంచి యాత్రికుల పేర్ల నమోదు మొదలైంది. పేరు, ఊరు, తేదీ. ఆ నమోదు బల్ల దగ్గర విసుక్కునే భక్తుడు, అంతకన్నా పెద్ద జాబితా ఇంటి దగ్గర సంకల్పంలో చెప్పి వచ్చినవాడే.

ఇక ఐదోది. నాలుగూ సరిగ్గా కూడినా పని చెడే సందర్భాలున్నాయి, వాటిని దాచి రాసే వ్యాసానికి విలువ లేదు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం మీద మంచు చరియ విరిగిపడి 29 మందిని పొట్టన పెట్టుకుంది. ప్రమాదం జరిగిన శిఖరం పేరు ద్రౌపదీ కా డాండా. పోయినవాళ్లలో ఎక్కువమంది నేర్చుకోవడానికి వచ్చినవాళ్లే. అదే ఏడాది ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన శిక్షకురాలు సవితా కంస్వాల్ కూడా వారిలో ఉంది. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం నుంచి బయల్దేరి 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్ బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో కనిపించకుండా పోయాడు. ఏప్రిల్ మొదటి వారంలో దేహం దొరికింది. చోటు తెలియనివాడు కాడు, అధికారం లేనివాడు అంతకన్నా కాడు.

ఇలాంటిచోట ‘దైవం’ అన్న మాట నిజాయితీగా వాడవచ్చు. ఐదో కారణాన్ని శంకరులు ఇంద్రియాలను నడిపే ఆదిత్యాది దేవతలని వివరించారు. రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మ అన్నారు. ఇద్దరిలో ఎవరూ దాన్ని గుడ్డి అదృష్టమని అనలేదు. కంటిలో చూపు ఉండడమే ఒక దయ అన్న దృష్టి శంకరులది. ఆ దృష్టితో చూస్తే ఐదో వాటా, నాలుగూ అయిపోయాక చివర్లో వచ్చి కూర్చునేది కాదు. వాలును కొలిచే కంటిలోనూ, పట్టీ అతికించే చేతిలోనూ మొదటినుంచీ ఉన్నదే. అప్పుడు ‘సిద్ధపడేవాడికి నమ్మకం తక్కువ’ అన్న వాదన నిలబడదు.

ఐదో వాటా పేరు చెప్పి మిగిలిన నాలుగూ ఎగ్గొట్టడం మాత్రం నిత్యం జరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ వారమంతా ఓదార్పుల్లో వినపడిన మాట విధి. తల్లిదండ్రులు దానితో సరిపెట్టుకోలేదు, కోర్టు కూడా సరిపెట్టుకోలేదు. 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం వడ్డీతో కట్టాలని ఆదేశిస్తూ, బాధ్యతను విద్యుత్ బోర్డు, కళాశాల, ప్రభుత్వం మధ్య వాటాలు వేసి పంచింది. నీళ్లు ఎవరు వదిలారు, హెచ్చరిక ఎలా ఇచ్చారు, పిల్లల్ని ఏటిలోకి దిగనిచ్చింది ఎవరు అని కోర్టు వెతికింది. కారణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూడమన్న పద్ధతి న్యాయమూర్తులకు గీత చదివితేనే రావాలని లేదు. కానీ చదివిన సమాజానికి అది రాకపోతే ఆశ్చర్యపోవాలి.

దీనికి ఎదురు వాదం బలమైనదే. కష్టం కోరుకుని పోయేవాడు తపస్సుకు పోతున్నాడు. తపస్సులో వెనకడుగు ఉండదు. మహాప్రస్థానంలో పాండవులు నారచీరలు కట్టి హిమాలయాల వైపు నడిచారు, తిరిగి రావడానికి కాదు. మొక్కుకున్న యాత్రను సగంలో ఆపడం అపచారమని మన ఇళ్లలో నమ్మేవాళ్లు ఎందరో. అలాంటప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకు వెనుదిరగాలని కాగితం మీద రాసుకున్నవాడిది ఏ పాటి సంకల్పం?

జవాబు కేదార్‌నాథుడే ప్రతి ఏడూ ఇస్తున్నాడు. 3,583 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ గుడి తలుపులు దీపావళి వెళ్లగానే మూసేస్తారు. లింగానికి సమాధి పూజ చేసి, ఉత్సవమూర్తిని పల్లకిలో కిందికి తెచ్చి ఊఖీమఠ్ ఓంకారేశ్వరాలయంలో ఉంచుతారు. చలికాలం పూజలన్నీ అక్కడే. హిమాలయమే ఇల్లయిన దేవుడు ఆర్నెల్లు కొండ దిగి ఉంటాడు. మళ్లీ ఎప్పుడు ఎక్కాలో తేదీ ప్రకటించేది కూడా ఊఖీమఠ్‌లో మహాశివరాత్రి నాడే. ఊఖీమఠ్‌లోని వీరశైవ పీఠానికి తెలుగు నేలతో బంధమూ ఉంది. దాని మూలపురుషుడైన ఏకోరామారాధ్యుడు ద్రాక్షారామ లింగం నుంచి ఉద్భవించాడని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. కాలం అనుకూలించనప్పుడు దిగిరావడం అక్కడ అపచారం కాదు, ఆచారమే.

వ్రతాల నియమాల్లోనూ ఇలాంటి సడలింపు ముందే రాసి ఉంది. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని ధర్మశాస్త్రం లెక్కపెట్టింది. నీళ్లు, దుంపలు, పళ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, మందు. ఉపవాసం ఉన్నవాడు కళ్లు తిరిగితే పాలు తాగవచ్చు, వ్రతం చెడదు. గురువు ఆపమంటే ఆపవచ్చు, వ్రతం చెడదు. కొండ మీద గైడు ‘ఇక చాలు, దిగుదాం’ అన్నప్పుడు ముఖం చిన్నబుచ్చుకునే కుర్రాడికి ఏడో నియమం ఒక్కటి తెలిస్తే చాలు. తలనొప్పి, వాంతులు మొదలైన ఎత్తులో పట్టుదలకు పోవడాన్ని ఏ శాస్త్రమూ మెచ్చుకోలేదు.

కష్టం దానంతటదే గొప్పదా అన్న ప్రశ్నకు సూర్యాపేట జిల్లాలోనే ఇంకో పాత సాక్షి ఉంది. ఫణిగిరి గుట్ట మీది బౌద్ధ స్తూపం, విహారాలు దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల నాటివి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. ఆ శిల్పులు చెక్కింది ఎవరి కథనో ఆయన ఏళ్ల తరబడి ఒళ్లు శుష్కింపజేసుకుని, దానివల్ల ఒరిగేదేమీ లేదని తేల్చుకుని, సుజాత ఇచ్చిన పాయసం తాగాడు. గీత కూడా పదిహేడో అధ్యాయంలో మెప్పు కోసం చేసే తపస్సును రాజసమని, ఒంటిని హింసించుకుని చేసేదాన్ని తామసమని విడదీసింది. ఇన్‌స్టాగ్రామ్ కోసం మైనస్ పదిహేనులో చొక్కా విప్పేవాడికి ఆ రెండూ వర్తిస్తాయి.

ఇంతవరకూ చెప్పిందంతా తన ప్రాణం తాను కాపాడుకునే లెక్కలా కనపడవచ్చు. అలాగైతే ఇది తాత్త్విక ప్రశ్న కానే కాదు, బీమా పాలసీ. దాన్ని వేరే చోటికి తీసుకుపోయేది సంచిలోని ఒక పార.

మంచు చరియల భయమున్న చోటికి పోయే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులుండాలి. 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపే ట్రాన్స్‌సీవర్, మడిచి పెట్టుకునే పొడవాటి ప్రోబ్ కడ్డీ, పార. మంచులో కూరుకుపోయినవాడు తనంతట తాను బయటికి రాలేడు. కూలిన మంచు ఆగిన మరుక్షణం గట్టిపడిపోతుంది, వేలు కూడా కదలదు. మొదటి పావుగంటలోపు తవ్వి తీస్తే బతికే ఆశ బాగా ఉంటుంది. అరగంట దాటితే చాలావరకు పోయినట్టే. ఏ రక్షణ దళమూ పావుగంటలో రాలేదు. తవ్వాల్సింది పక్కనున్నవాడే. అంటే ఎవడు మోసే పార వాడికి పనికిరాదు. అది పక్కవాడి ప్రాణం. ‘నాకేమైనా పర్లేదు, దేవుడున్నాడు’ అంటూ పార ఇంట్లో వదిలి వచ్చినవాడు తన ప్రాణాన్ని దేవుడికి అప్పగించలేదు, స్నేహితుడి ప్రాణాన్ని అడగకుండా పణం పెట్టాడు.

మహాప్రస్థానాన్ని ఈ కోణంలోంచి చూస్తే మనసు కలుక్కుమంటుంది. ముందు ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ఒక్కొక్కరు పడ్డప్పుడల్లా భీముడు కారణం అడుగుతాడు. ధర్మరాజు వెనుదిరిగి చూడకుండానే చెబుతాడు. ఆమెకు అర్జునుడి మీద పక్షపాతం, ఇతడికి తెలివి గర్వం, వాడికి అందం గర్వం, ఇంకొకడికి గొప్పలు, నీకు తిండిపోతుతనం. కొండల్లో ప్రమాదం జరిగిన ప్రతిసారీ మనం చేసే పని కూడా ఇదే. చనిపోయినవాళ్లలో ఒక దోషం వెతికి పట్టుకుంటే, ఆ దోషం మనలో లేదు కాబట్టి మనకు జరగదన్న నిశ్చింత వస్తుంది. మరి అదే ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర, వెంట వచ్చిన కుక్కను వదిలి రథమెక్కనని ఇంద్రుడితో మొండికేశాడు. తమ్ముళ్లు పడ్డప్పుడు ఆగని మనిషి కుక్క కోసం ఆగాడు. ఆ కథలో అతడు పరీక్ష నెగ్గింది నడిచినందుకు కాదు, ఆగినందుకే. స్కీ మీద పోయే చిన్న జట్టుకూ అదే నియమం. ఒక్కరు ఆగితే అందరూ ఆగాలి, నెమ్మదైన మనిషి నడకే జట్టు నడక.

నమ్మేవాడూ నమ్మనివాడూ కలిసి ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే వాళ్ల కాగితాల్లో తేడా ఏమీ కనపడదు. అదే వాలు, అదే గ్యాసు, అదే గడువు. తేడా తెలిసేది వెనుదిరగాల్సిన గంట కొట్టినప్పుడు. నలభై వేలు ఖర్చుపెట్టి, మేనేజరును బతిమాలి సెలవు తెచ్చుకున్నవాడికి శిఖరం కనపడుతుండగా దిగడం ఓటమిలా ఉంటుంది. యాత్రకు పోయి సగంలో దిగివచ్చిన మేళ్లచెరువు ముసలామె మాత్రం ‘ఈసారి స్వామి పిలవలేదు’ అని తేలిగ్గా అనేసి బస్సెక్కుతుంది. ఆమెకు సిగ్గు లేదు, పోగొట్టుకున్నదీ లేదు. భక్తి మనిషిని మొండిగా కొండెక్కిస్తుందని భయపడేవాళ్లు, అది అంతే సులువుగా కొండ దింపగలదన్న సంగతి గమనించరు.

కాకపోతే ఆ మాటకు రెండు వైపులా పదునుంది. ‘స్వామి పిలిచాడు కాబట్టే ఇంతదూరం వచ్చాం, ఏమీ కాదు’ అనేదీ ఆ నోరే. మబ్బు కమ్ముతున్నప్పుడు ఈ రెండింటిలో ఏది నోటికొస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఎత్తులో, ఆకలితో, చలితో ఉన్న మెదడుకు ఆ ఎంపిక వదలకూడదు. అందుకే అనుభవమున్న జట్లు కొండ కిందే, టీ తాగుతున్నప్పుడే, రెండు సంగతులు తేల్చుకుంటాయి. వెనుదిరిగే సమయం ఎంత, ఆ సమయం అయిందని గట్టిగా అనాల్సింది ఎవరు. ఆ మనిషి జట్టులో అందరికన్నా బలమైనవాడు కానక్కర్లేదు. మొహమాటం లేనివాడైతే చాలు. వాడి పేరు కాగితం మీద సమయం పక్కనే రాసి, ఒక నకలు ఇంట్లో ఇచ్చి, ఒకటి కింద ఊళ్లో వదిలి బయల్దేరుతారు.